రిజర్వ్ డబ్బా తగ్గదు, రేడియేటర్ ఖాళీ. కింద బొట్టు లేదు, కూలెంట్ ఎటు పోతున్నట్టు?

#1 నల్లగొండ_పాతబండి
అందరికి నమస్తే. కారు 2010 మోడల్, 1.2 పెట్రోల్, నాలుగు సిలిండర్లు, 1,15,000 కి.మీ. తిరిగింది. మూడు వారాలల్ల 900 కి.మీ. నడిస్తే రేడియేటర్ల 700 మి.లీ. కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, పోయాల్సొచ్చింది. ఎక్కువ నార్కట్‌పల్లి మీదుగ హైదరాబాద్ హైవే, మిగిలింది టౌన్ల తిరుగుడు.

కింద ఒక్క బొట్టు లేదు. రాత్రి అట్టపెట్టె పరిచి చూసిన, పొద్దునకు పొడిగనే ఉన్నది. విచిత్రమేందంటే రిజర్వ్ డబ్బాల లెవెల్ మినిమం, మాక్సిమం గీతల నడుమ కదలకుండ ఉంటది. పొద్దుగాల రేడియేటర్ మూత తీస్తే మాత్రం నీళ్లు రెండించులు కిందికి ఉంటున్నయి. వేడి చూపే ముల్లు ఎన్నడు సగం దాటలే. ఆయిల్ లెవెల్ చూసే పుల్ల మీద ఆయిల్ మంచిగనే ఉన్నది, తెల్ల పొగ లేదు.

షెడ్డుల ఇంజన్ ఇంకా వేడి మీదుండంగనే ప్రెషర్ పెట్టి చూసిన్రు, లీక్ దొరకలే. "బయట లేదంటే లోపలనే, హెడ్ ప్యాకింగ్ పోయింది, హెడ్ దించాలె" అంటున్నరు. ఇంజన్ బ్లాకుకు, మీది హెడ్‌కు నడుమ ఉండే గ్యాస్కెట్ అది. దించే ముందు ఇంటికాడ చూసుకునేటియి ఏమున్నయి?

#2 పాలమూరు_పానా
హెడ్ మీద చెయ్యి పెట్టనియ్యకున్రి అన్నా, ఇంకా ఆ టైం రాలే. మీరు రాసినదాంట్లనే సగం జవాబు ఉన్నది. డబ్బా కదలదు, రేడియేటర్ తగ్గుతది.

మీ రకం బండ్లల్ల రిజర్వ్ డబ్బాకు ప్రెషర్ ఉండదు. ఇంజన్ వేడెక్కితే కూలెంట్ ఉబ్బి, మూతల ఉన్న స్ప్రింగును లేపుకొని సన్న పైపు గుండ డబ్బాలకు పోతది. చల్లారేటప్పుడు లోపల వాక్యూమ్ పుట్టి, మూత నడుమల ఉన్న చిన్న వాల్వ్ తెరుచుకొని, అదే పైపు గుండ వెనక్కి గుంజుకుంటది. ఆ గుంజే దారిల ఎక్కడన్న గాలి దొరికితే కూలెంట్ బదులు గాలినే పీలుస్తది. డబ్బా నిండుగ కనపడతది, రేడియేటర్ ఎండుతది.

గాలి దొరికే జాగలు తక్కువనే. మూత మీది రబ్బరు ముందు చూడున్రి. మూతకు రెండు రబ్బర్లు ఉంటయి, కింద ప్రెషర్ ఆపేది ఒకటి, పైన మెడ అంచు మీద కూసునేది ఒకటి. అందరు కిందిదే చూస్తరు, గాలి పీల్చేది పైదాని కాడ. గోరుతోని నొక్కితే మెత్తగ లోపలికి పోవాలె. గట్టిగ, అంచుల సన్న పగుళ్లతోని ఉంటే మూత మార్చుడే. నడుమల చిన్న వాల్వ్‌ను కూడ వేలితోని కొంచెం లాగి వదలున్రి, టక్కున వెనక్కి రావాలె. అది ఇరుక్కుంటే చల్లారినంక పై హోస్ పైపు చప్పిడి అయి లోపలికి పోతది.

తర్వాత సన్న పైపు. రెండు దిక్కుల ఊడదీసి, ఒక కొస వేలితోని మూసి, పైపును చెంబుల నీళ్లల్ల ముంచి రెండో కొస నుంచి ఊదున్రి. సూది మొన అంత పగులున్నా బుడగలు లేస్తయి. ఎక్కువ రేడియేటర్ మెడకు తగిలించే అంగుళంల పగులుతది, వేడి అక్కడనే. డబ్బా లోపలికి దిగే గొట్టం అడుగుదాక ఉన్నదా, నడుమల చీలిందా అది కూడ చూడున్రి.

మూత కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న ప్రెషర్ నంబరే కొనాలె, 0.9 అంటే 0.9, 1.1 అంటే 1.1. కొన్నిటి మీద 88 కేపీఏ, 108 కేపీఏ అని ఉంటది, రెండు ఒకటే లెక్క. "ఎక్కువదైతే మంచిది" అని 0.9 జాగల 1.1 పెడితే పాత రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంక్ అతుకు కాడ ఇగ ఊట మొదలైతది.

#3 కొలత_ముఖ్యం
పానా గారు చెప్పింది సరైన చోటు. కానీ మూత, పైపు మార్చే ముందే కొలత మొదలుపెట్టండి, లేకపోతే ఏది పని చేసిందో తేలదు.

రేడియేటర్ మెడ దాకా నింపి, డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి తేదీ, కిలోమీటర్లు రాయండి. రోజూ పొద్దున, సెల్ఫ్ కొట్టకముందు, బండి అదే చోట అదే వాలులో ఉన్నప్పుడే చూడాలి. ఇది చాదస్తం కాదు. ఐదు లీటర్ల సిస్టమ్‌లో నీళ్లు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వెళ్లేసరికి 150 మి.లీ. పైనే ఉబ్బుతాయి. సాయంత్రం వేడి మీద ఒకసారి, మర్నాడు చల్లగా ఒకసారి చూసినవాళ్లు ఆ తేడానే లీక్ అనుకుంటారు.

పోసేది మందుల సీసా మూతతోనో, కొలత గీతలున్న పాల సీసాతోనో కొలిచి పోయండి. మీ లెక్క ఇప్పుడు 100 కి.మీ.కు సుమారు 78 మి.లీ. ఇంకొకటి, బండి కదలని రోజులు కూడా రాయండి. నడిచిన దూరాన్ని బట్టి తగ్గితే ప్రెషర్ మీద పోతున్నట్టు. నిలబెట్టిన రోజుల్లో కూడా తగ్గితే చల్లగా ఉన్నప్పుడు కారుతున్నట్టు. రెండింటికీ వెతికే చోట్లు వేరు.

#4 జడ్చర్ల_జంక్షన్
గింత లెక్కలెందుకు అన్నా. రేడియేటర్ల రెండు చెంచాల పసుపు ఎయ్యి, లారీలోళ్లు ఎప్పటి నుంచో చేసేదే. ధర్మోస్టాట్, అదే వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వ్, కూడ పీకి పారెయ్యి, మన పాలమూరు ఎండలకు అది ఎందుకు? నీళ్లు ఫ్రీగ తిరుగుతయి.

#5 పాలమూరు_పానా
పసుపు పని చేసింది పాత లారీల ఇత్తడి రేడియేటర్లకు తమ్మీ. వాటి గొట్టాలు వెడల్పు, మళ్ల విప్పి లోపల పుల్ల పెట్టి తోమేటోళ్లు. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్ గొట్టం లోపలి సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే. పసుపు ఉడికి ముద్దయి, నీళ్లు మెల్లగ పారే కాడ కూసుంటది: హీటర్ కోర్ల, రేడియేటర్ అడుగున. లీకున్న హోస్ పైపు కొసకు, రబ్బరు రింగుకు అది పట్టదు. పైంగ రేపు లీక్ మరక వెతికితే ఇంజన్ నిండ పచ్చ మరకలే ఉంటయి.

దారిల ఇరుక్కుంటే వేరే మాట. చల్లారినంక మామూలు నీళ్లు పోసుకొని, హీటర్ ఫుల్ వేడి మీద, బ్లోయర్ ఫుల్ పెట్టి, అద్దాలు దించుకొని మెల్లగ నడుపుకుంట రావాలె. హీటర్ కోర్ అంటే రెండో చిన్న రేడియేటరే.

#6 కొలత_ముఖ్యం
ధర్మోస్టాట్ గురించి. ఇంజన్ త్వరగా వేడెక్కి, ఆ వేడి దగ్గర నిలబడడానికే అది ఉంది. చాలా బండ్లలో 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. తీసేస్తే హైవే మీద ఇంజన్ 65–70 దగ్గరే తిరుగుతుంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాదు. అంతకంటే ముఖ్యం, హెడ్ ప్యాకింగ్ నిజంగా పోతుంటే ఆ లక్షణాన్ని కొన్నాళ్లు కప్పేస్తుంది.

అసలు పోస్ట్‌లో "ముల్లు ఎన్నడు సగం దాటలే" అన్నారు. ఆ ముల్లును నమ్మకండి. సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన వేడి చూపిస్తుంది. లెవెల్ పడిపోయి సెన్సార్ గాలిలో తేలితే ముల్లు సగంలోనే ఉండొచ్చు, కిందికి కూడా దిగొచ్చు, ఇంజన్ మాత్రం ఉడుకుతూ ఉంటుంది. నడుస్తుండగా హీటర్ ఆన్ చేస్తే వేడి గాలికి బదులు చల్ల గాలి వచ్చిందంటే లోపల నీళ్లు తక్కువని అర్థం. ఆ గుర్తు ముల్లు కంటే ముందే వస్తుంది.

#7 నల్లగొండ_పాతబండి
పానా అన్నా, దొరికింది. మూత పై రబ్బరు చెక్క లెక్క అయింది, గోరు దిగుతలేదు. సన్న పైపు చెంబుల ముంచి ఊదితే రేడియేటర్ దిక్కు కొస కాడ రెండు జాగల్ల బుడగలు. రెండు మార్చిన, మూత 0.9దే.

పది రోజుల లెక్క: 400 కి.మీ.కు 120 మి.లీ. పోసిన, అంటే 100 కి.మీ.కు 30. ఇప్పుడు రేడియేటర్ మెడ దాక నిండుగనే ఉంటున్నది, తగ్గేది డబ్బాల తగ్గుతున్నది. ఒక మాట, పెండ్లికని ఊరికి బస్సుల పోయినం, బండి మూడు దినాలు కదల్లే. ఆ మూడు దినాలల్ల కూడ డబ్బా గీత నుంచి కిందికి దిగింది, 25 మి.లీ. పట్టింది.

#8 పాలమూరు_పానా
ఇగ డబ్బా నిజం చెప్తున్నది. మొదటి తప్పు పోయింది, రెండోది మిగిలింది. బండి కదలకున్నా తగ్గుతున్నదంటే హెడ్ ప్యాకింగ్ మీద అనుమానం ఇంకా తగ్గించుకోవచ్చు. అది ఎక్కువ నడిచేటప్పుడు, లోడ్ మీద చేసే పని.

ఇప్పుడు టార్చ్, ఒక చిన్న అద్దం పట్టుకొని చూడున్రి. తడి వెతకొద్దు, మరక వెతకాలె. వేడి ఇంజన్ మీద పడ్డ కూలెంట్ల నీళ్లు ఆవిరైపోతయి, రంగు, ఉప్పు మిగులుతయి. గులాబీ, పచ్చ, తెల్ల పొర లెక్క, గోడకు చౌడు పట్టినట్టు కనపడతది.

రేడియేటర్: పక్క ప్లాస్టిక్ ట్యాంక్, అల్యూమినియం కలిసే మడత వెంబడి. ముందు ఏసీ కండెన్సర్, వెనక ఫ్యాన్ ఉంటయి కాబట్టి ముఖం మీద ఊట కనపడదు, ఫ్యాన్ రెక్కల మీద చుక్కల మరకలు చూడాలె. హోస్ పైపుల నడుమ నొక్కి, తర్వాత క్లాంపుకు రెండించుల దూరంల నొక్కి పోల్చున్రి. కొస కాడ మెత్తగ, పచపచ అన్నట్టు ఉంటే లోపల చీలికలు పడ్డట్టే, పైకి మంచిగనే కనపడతది.

వాటర్ పంపు కింద ఒక సన్న రంధ్రం ఉంటది, ఊట రంధ్రం. లోపల సీల్ పోతే నీళ్లు బేరింగుల్లకు పోకుండ ఆ రంధ్రం నుంచి బయటికి రావాలని పెట్టిందే అది. అక్కడ మరక ఉంటే పంపు లెక్క ముగిసింది, ఆ రంధ్రాన్ని మైనంతోని మూసే పని చెయ్యొద్దు, బేరింగ్ పోతది. పంపు టైమింగ్ బెల్టు మీద తిరిగే బండైతే లీకంత కవర్ లోపలనే, కవర్ అడుగు అతుకు కాడ మరక చూడాలె. కూలెంట్ తాగిన బెల్టు మళ్ల పెట్టొద్దు, పంపుతోని కలిపి మార్చుడే.

తర్వాత ధర్మోస్టాట్ ఇల్లు (హౌసింగ్), త్రాటిల్ బాడీకి పోయే వేలంత సన్న పైపులు, బ్లాక్ పక్కన గుండ్రటి రేకు మూతలు. చాలా బండ్లల్ల ఇంజన్ వెనక, ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, క్యాబిన్‌కు నడుమ ఉండే గోడ) దిక్కు, పంపు నుంచి గేర్‌బాక్స్ దిక్కు దాక ఒక ఇనుప పైపు పోతది. దాని కొసకు రబ్బరు రింగు ఉంటది. పది పన్నెండేండ్ల బండిల ఎవ్వడు చూడని జాగ అదే. అక్కడ కారింది గేర్‌బాక్స్ మీద పడి, మట్టి, ఆయిల్ జిడ్డుల ఇంకిపోతది. కింద అట్టపెట్టెకు బొట్టు చేరదు.

#9 అచ్చంపేట_ఘాట్
ఇదే చర్చలో ఒక డౌట్. మా బండిల డ్రైవర్ పక్క సీటు కింద కార్పెట్ తడుస్తుంది, ఏసీ వాడిన రోజే. హీటర్ కోర్ పోయిందని డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలంటున్నారు. నిజమేనా?

#10 కొలత_ముఖ్యం
ఏసీ వాడిన రోజే అంటున్నారంటే ముందు ఏసీ నీళ్లు పోయే గొట్టం చూడండి. దుమ్ము, ఆకు పడి పూడుకుపోతే ఆ నీళ్లు లోపలికి మళ్లుతాయి. బండి కింద ఫైర్‌వాల్ దగ్గర చిన్న రబ్బరు మూతి ఉంటుంది, మెత్తటి ప్లాస్టిక్ తీగతో మెల్లగా కదిపితే భళ్లున కారుతుంది.

తేడా పట్టడం సులువు. తెల్ల టిష్యూ పేపర్ కార్పెట్ మీద అదిమి తీయండి. ఏసీ నీళ్లయితే రంగు, వాసన ఉండవు, వేళ్ల మధ్య నీళ్లలాగే జారుతుంది. కూలెంటయితే జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటుంది, ఎండినా బంక పోదు. హీటర్ పెడితే ముందద్దం లోపల తుడిచినా పోని జిడ్డు పొగమంచు పట్టడం కూడా హీటర్ కోర్ లక్షణమే. రుచి మాత్రం చూడకండి, ఎథిలీన్ గ్లైకాల్ విషం.

హీటర్ కోరే అయితే, డ్యాష్‌బోర్డ్ విప్పే దాకా ఫైర్‌వాల్ దగ్గరి రెండు హోస్‌లను ఒకదానికొకటి కలిపి కోర్‌ను పక్కకు తప్పించొచ్చు. కొన్ని ఇంజన్లలో ధర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు కూలెంట్ తిరిగే దారి అదే కాబట్టి రెండు గొట్టాలనూ విడివిడిగా మూసేయకూడదు, కలపాలి.

#11 కొలత_ముఖ్యం
పాతబండి గారూ, మీకు ప్రెషర్ టెస్ట్ మళ్లీ చేయాలి, ఈసారి రాత్రంతా నిలబెట్టిన చల్ల ఇంజన్ మీద. షెడ్డులో వేడి మీద చేశారు. వేడికి రబ్బరు, లోహం ఉబ్బి సందు మూసుకుంటే ఏమీ దొరకదు.

రేడియేటర్ మెడ నిండుగా నింపి, చేతి పంపు టెస్టర్ బిగించండి. మూత మీదున్న అంకె దాకానే కొట్టాలి, మీకు 0.9 బార్, అంటే 13 పీఎస్‌ఐ. దాటితే లేని లీక్‌ను మీరే పుట్టిస్తారు. పంపు కొట్టాక మొదటి నిమిషం కొంచెం దిగడం మామూలే, హోస్‌లు సాగుతాయి. మళ్లీ 0.9కి తెచ్చి అక్కడి నుంచి పది నిమిషాలు టైం చూడండి. టెస్టర్ రబ్బరు అతుకు చుట్టూ సబ్బు నీళ్లు రాయండి, సగం మంది అక్కడే మోసపోతారు. విప్పే ముందు ప్రెషర్ వదిలేయాలి.

టెస్టర్ ముల్లు దిగుతూ బయట ఎక్కడా తడి లేకపోతే ప్రెషర్ అలాగే ఉంచి నాలుగు స్పార్క్ ప్లగ్గులు విప్పండి. కాయిల్ కనెక్టర్లు, ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీశాకే సెల్ఫ్ కొట్టాలి. ఏ రంధ్రం నుంచైనా తుంపర వస్తే అప్పుడు హెడ్ గురించి మాట్లాడుకోవచ్చు. ప్లగ్గులు బిగించి ఉండగా సిలిండర్‌లో నీళ్లుంటే సెల్ఫ్ కొట్టిన దెబ్బకు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, నీళ్లు నలగవు కదా.

#12 దేవరకొండ_డీజిల్
నాది డీజిల్. కూలెంట్ తగ్గుతది, రేడియేటర్ల బుడగల్లేవు, ఆయిల్ల నీళ్లు లేవు. పొద్దుగాల స్టార్ట్ చేసినప్పుడు మాత్రం సైలెన్సర్ నుంచి తెల్ల పొగ, తీపి వాసన.

#13 పాలమూరు_పానా
ఈజీఆర్ కూలర్ చూడున్రి. సైలెన్సర్ గ్యాసును కూలెంట్‌తోని చల్లబరిచేది అది. లోపల గొట్టం చీలితే రాత్రి కూలెంట్ గ్యాస్ దిక్కు చేరి పొద్దుగాల పొగైతది. చల్ల మీద ప్రెషర్ పెట్టి, కూలర్ గ్యాస్ పైపు విప్పి చూస్తే మసి పొడిగ ఉండాలె. తడిసి బురద లెక్క ఉన్నా, కడిగినట్టు శుభ్రంగ ఉన్నా కూలర్ పోయినట్టే. హెడ్ దించి, ప్యాకింగ్ మార్చి, మళ్ల అదే పొగ చూసిన బండ్లు ఇట్లనే ఉంటయి.

#14 నల్లగొండ_పాతబండి
టెస్టర్ కిరాయికి తెచ్చిన. పొద్దుగాల ఆరింటికి, చల్ల ఇంజన్: 0.9 నుంచి పది నిమిషాలల్ల 0.72. సబ్బు నీళ్లు రాసిన, టెస్టర్ కాడ బుడగల్లేవు. ముందు దిక్కంత పొడి, కార్పెట్ పొడి. ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొడితే ఏం రాలే, నాలుగు ప్లగ్గులు ఒకటే రంగు.

తర్వాత ఇంజన్ ఫ్యాన్ తిరిగే దాక నడిపి, మూత తీసేటంత మటుకే చల్లారనిచ్చి, ఇంజన్ ఇంకా వేడిగ ఉండంగనే మెల్లగ మూత తీసి టెస్టర్ మళ్ల పెట్టిన. పది నిమిషాలు 0.9 కాడనే నిలబడ్డది.

#15 పాలమూరు_పానా
చల్లగ కారుతది, వేడికి మూసుకుంటది. రబ్బరు రింగో, స్క్రూ క్లాంపో. పాత రింగు గట్టిపడి చదునైతది. చల్లగున్నప్పుడు సందు వదులుతది, వేడికి ఇంత ఉబ్బి ఆపుతది. పొద్దుగాల స్టార్ట్ చేసినంక రింగు వేడెక్కేలోపు ప్రెషర్ లేస్తది గదా, ఎక్కువ పోయేది ఆ కొద్ది నిమిషాలల్లనే. మరకలు కనపడకపోతే యూవీ డై, అంటే యూవీ టార్చ్ కొడితే మెరిసే రంగు, కూలెంట్ల పొయ్యున్రి.

స్క్రూ క్లాంపులు మాత్రం బలం పెట్టి తిప్పకున్రి. ఇనుప పట్టీ రబ్బరును కోస్తది. కంపెనీల వచ్చే స్ప్రింగు క్లాంపు వేడికి, చల్లకు తానే సర్దుకుంటది, వదులు లేకపోతే దాన్నే ఉంచాలె.

#16 మిర్యాలగూడ_మల్టీమీటర్
డై కొనే ముందు చీకట్లో యూవీ టార్చ్ డబ్బా మీద కొట్టి చూడండి. చాలా పచ్చ రంగు కూలెంట్లలో వెలిగే రంగు ముందే కలిసి ఉంటుంది. డబ్బా వెలిగితే డై అక్కర్లేదు. వెలగకపోతే కూలెంట్‌కు పనికొచ్చే డై, ఆయిల్ డై కాదు, సీసా మీద రాసిన లెక్కన, మామూలుగా 15–30 మి.లీ., రేడియేటర్ మెడలో పోసి 100 కి.మీ. పైన తిప్పండి. 365 నానోమీటర్ల టార్చ్ అయితే ఊదా వెలుతురు తక్కువ, మరక స్పష్టం. 395ది చవక, పసుపు అద్దాలు పెట్టుకుంటే నడుస్తుంది. పోసేటప్పుడు ఒలికితే ముందే కడిగేయండి, లేదంటే మీరు ఒలికించిందే లీక్‌లాగా మెరుస్తుంది.

ఇంకొకటి ఎవరూ చూడరు. మల్టీమీటర్ డీసీ వోల్టులలో పెట్టి, నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్‌కు, ఎర్ర వైరు కొస రేడియేటర్ మెడలోని కూలెంట్‌లో, లోహానికి తగలకుండా ముంచండి. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, లైట్లు, ఏసీ, ఫ్యాన్ ఒక్కొక్కటి ఆన్ చేయండి. 0.3 వోల్టు దాటితే బాగా లేనట్టు. లైట్లు వేసిన క్షణంలో అంకె ఎగిరితే ఇంజన్ ఎర్త్ వైరు వదులైంది, కరెంట్ కూలెంట్ గుండా దారి వెతుక్కుంటోంది. అన్నీ ఆపినా ఎక్కువే ఉంటే కూలెంట్ పాతబడి పులిసింది. కొత్త అల్యూమినియం రేడియేటర్ ఏడాదిలోపే చిల్లులు పడే బండ్లలో ముందు ఈ కొలత చూడాలి.

#17 జడ్చర్ల_జంక్షన్
పసుపు మాట వెనక్కి తీసుకున్న. కని హెడ్ ప్యాకింగ్ కాదని పక్కా ఎట్ల చెప్తరు? ప్లగ్గులు పొడిగున్నంత మాత్రాన సరిపోతదా?

#18 కొలత_ముఖ్యం
సరిపోదు, న్యాయమైన ప్రశ్న. ప్యాకింగ్‌లో సన్న దారి ఉంటే ఇంజన్ నడిచేటప్పుడు సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి పోతుంది కానీ, 0.9 బార్‌కు కూలెంట్ సిలిండర్‌లోకి రాకపోవచ్చు.

ఖర్చు లేని పరీక్ష ఇది. చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్ బెల్టుకు దూరంగా చెయ్యి పెట్టి పై హోస్ పట్టుకోండి. ఇంకా గోరువెచ్చన కూడా కాకముందే, ఒకటి రెండు నిమిషాల్లో రాయిలా గట్టిపడితే అది వేడి వల్ల లేచిన ప్రెషర్ కాదు, గ్యాస్. మూత తీసి స్టార్ట్ చేసి బుడగలు చూడడం కూడా పనికొస్తుంది, కానీ ధర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఇరుక్కున్న గాలి బుడగలు మామూలే. తెరుచుకున్నాక కూడా ఆగకుండా, రేస్ ఇస్తే పెరుగుతూ వస్తే అనుమానించాలి.

నీలి రంగు ద్రవంతో చేసే గ్యాస్ టెస్ట్ ఇంకా నమ్మకం. రేడియేటర్‌లో లెవెల్ రెండించులు తగ్గించి, ఇంజన్ వేడెక్కాక గొట్టం మెడ మీద పెట్టి, లోపలి గాలిని ద్రవం గుండా పీలుస్తారు. కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం పసుపు రంగుకు తిరుగుతుంది. లెవెల్ తగ్గించకపోతే కూలెంటే లోపలికి పీల్చుకుని ద్రవం చెడిపోతుంది. మిగిలింది కంప్రెషన్ టెస్ట్, సిలిండర్‌లో లేచే ప్రెషర్ కొలిచేది: పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే ఆ రెండింటి మధ్య ప్యాకింగ్ పోయినట్టు.

ఆయిల్ మూత కింద తెల్ల నురగ చూసి కూడా తీర్పు ఇవ్వొద్దు. వానకాలంలో రోజూ రెండు కిలోమీటర్లే నడిచే బండికి ఆవిరి వల్ల అక్కడ నురగ వస్తుంది. పుల్ల మీద కూడా పాల మీగడలా ఉంటేనే భయపడాలి.

#19 నల్లగొండ_పాతబండి
పై హోస్ ఐదు నిమిషాల దాక మెత్తగనే ఉన్నది. గ్యాస్ టెస్ట్ ఇంకో షెడ్డుల చేయించిన, నీలం నీలం లెక్కనే ఉన్నది.

నా కూలెంట్ గులాబీ, టార్చ్‌కు వెలగలే. డై 20 మి.లీ. పోసి రెండు దినాలు తిప్పిన. నిన్న రాత్రి లైట్లు బంద్ చేసి, పసుపు అద్దాలు పెట్టుకొని, ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి, ఫైర్‌వాల్ దిక్కు అద్దం దించి చూసిన. ఇనుప పైపు ధర్మోస్టాట్ ఇంట్లకు దూరే కాడ చుట్టు ఉంగరం లెక్క పచ్చగ మెరుస్తున్నది. అక్కడి నుంచి వెంట్రుక అంత సన్న గీత గేర్‌బాక్స్ మీదికి దిగి, జిడ్డుల అరచేతి అంత వెలుగుతున్నది.

పొద్దుగాల కూలెంట్ దించి పైపు గుంజిన. రింగు గుండ్రంగ లేదు, అంచులు తెగ్గొట్టినట్టు చతురస్రం లెక్క అయింది. స్క్రూడ్రైవర్‌తోని లేపితే మూడు ముక్కలైంది. పైపు కొస కాడ తుప్పు కూడ పట్టింది. ఎట్ల బిగించాలె?

#20 పాలమూరు_పానా
మంచిగ పట్టినవ్ అన్నా. తుప్పు సన్నగ ఉంటే 400 నంబరు ఎమరీ కాగితం నీళ్లల్ల ముంచి, పైపు చుట్టు తిప్పుకుంట తోమున్రి, పొడుగు దిక్కు తోమితే ఆ గీతల వెంబడే మళ్ల కారుతది. గోరు పెట్టి గీకితే తట్టుకునేంత గుంత ఉంటే పైపు మార్చాలె, గమ్ పూసి దాచొద్దు. రింగు కూసునే గాడి, ఎదురు రంధ్రం లోపల కూడ చౌడు తీసి బట్టతోని తుడవాలె.

రింగు కంపెనీ పార్ట్ నంబరుతోనే కొనున్రి. కూలెంట్‌కు ఈపీడీఎం రబ్బరు కావాలె. డబ్బాల కలిపి అమ్మే నల్ల రింగులు ఎక్కువ ఆయిల్‌కు పనికొచ్చేటియి, సైజు సరిపోయినా రబ్బరు వేరు. బిగించేటప్పుడు గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాయకున్రి, ఈపీడీఎం ఉబ్బి చెడిపోతది. కొంచెం కూలెంటే రాసి, తిప్పకుండ తిన్నగ తొయ్యాలె. పైపును పట్టే బోల్టు చివరికి బిగించున్రి, ముందే బిగిస్తే పైపు వంకరగ కూసుంటది. విప్పిండ్రు కాబట్టి ధర్మోస్టాట్, దాని ప్యాకింగ్ కూడ ఇప్పుడే మార్చున్రి, మళ్ల ఇంత పని చేయొద్దు.

నింపుడు: ముందు చక్రాలు ఎత్తు మీద, హీటర్ ఫుల్ వేడి మీద, మూత తీసి, సన్న ధారగ పొయ్యాలె. గాలి తీసే స్క్రూ ఉంటే బుడగ లేని ధార వచ్చే దాక వదలాలె. పై, కింది హోస్‌లు పిసుకుతుంటే గాలి లేస్తది. స్టార్ట్ చేసి లెవెల్ దిగినప్పుడల్ల పోసుకుంట, నిలబడ్డంక మూత పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగే దాక నడపాలె. రాత్రికి చల్లారినంక మళ్ల చూస్తే ఇంకొంత పడతది. దించిందెంత, పోసిందెంత రాసుకోండి. లీటరు తక్కువ పట్టిందంటే లోపల గాలి ఉన్నట్టే.

#21 నల్లగొండ_పాతబండి
నీళ్ల సంగతేంది? ఇంటి బోరు నీళ్లు వద్దని తెలుసు. ఆర్‌వో నీళ్లు నడుస్తయా?

#22 కొలత_ముఖ్యం
నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది కానీ, రేడియేటర్‌కు ఎక్కువ చేటు చేసేవి కాల్షియం, మెగ్నీషియం. టీ కాచే గిన్నె అడుగున పట్టే తెల్ల పొరే సిలిండర్ హెడ్ లోపల అన్నిటికంటే వేడి చోట పడుతుంది. ఆ పొర ముక్కలు వాటర్ పంపు సీల్ ముఖాన్ని గీకి, కొత్త లీక్ తెస్తాయి.

ఆర్‌వో నీళ్లు బోరు కంటే ఎంతో నయం, కానీ మినరల్స్ మళ్లీ కలిపే మిషన్లుంటాయి. పెట్రోల్ బంకులో దొరికే బ్యాటరీ నీళ్లు, అంటే డిస్టిల్డ్ వాటర్, నిశ్చింత. అదే అరలో యాసిడ్ సీసా కూడా పెడతారు, లేబుల్ చదివి తీసుకోండి.

కాన్సన్‌ట్రేట్ కొంటే సగం సగం కలపండి. మన దగ్గర మంచు గడ్డ కట్టే బాధ లేదు కదా అని బాగా పలుచన చేస్తే తుప్పు ఆపే మందు కూడా పలుచనవుతుంది. రెడీమిక్స్‌లో నీళ్లు కలపొద్దు. రంగు చూసి కొనొద్దు, గులాబీలన్నీ ఒకటి కావు, మాన్యువల్‌లో రాసిన రకం చూడండి. పాతదేమిటో తెలియకపోతే డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి కొత్తది పోయండి.

#23 నల్లగొండ_పాతబండి
రింగు, ధర్మోస్టాట్, ప్యాకింగ్ వేసిన. దించింది 4.1 లీటర్లు, పట్టింది 4.3. చల్ల మీద ప్రెషర్: పది నిమిషాలు 0.9 కాడనే. అప్పటి నుంచి 850 కి.మీ. అయినయి, అండ్ల ఒకసారి మన్ననూరు ఎక్కి శ్రీశైలం పోయి వచ్చుడు కూడ ఉన్నది. డబ్బా మీద గీత కాడనే ఉన్నది. మెరిసిన మరకలు నీళ్లతోని కడిగిన, నిన్న రాత్రి మళ్ల టార్చ్ కొట్టి చూసిన, ఏం లేదు.

దించిన పాత కూలెంట్ బకెట్ల ఉన్నది, ఏం చెయ్యాలె?

#24 మిర్యాలగూడ_మల్టీమీటర్
ముందు దాని మీద మూత పెట్టండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు తాగి చస్తాయి, మేకలున్న వాకిలైతే మరీ జాగ్రత్త. మోరీలో, చెట్టు మొదట్లో పోయకుండా క్యాన్‌లో పోసి "పాత కూలెంట్" అని రాసి, పాత ఆయిల్ జమ చేసే షెడ్డులో ఇవ్వండి. ఆయిల్‌తో మాత్రం కలపకండి, కలిపితే వాళ్లు తీసుకోరు.